ఈ.టి. సినిమా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవుల్లో మా ఇంట్లో పిల్లలు పోగైనప్పుడల్లా నేను పెట్టే సినిమా "ఈ.టి." మా అమ్మాయి, అన్నయ్య పిల్లలు, పక్క ఫ్లాట్ పిల్లలు... ఏటా ఎవరో ఒకరు కొత్తగా చూస్తారు. అయిపోగానే ప్రశ్నలు మొదలవుతాయి. పిల్లలు అడిగేవి ఒక రకం, వాళ్ళ అమ్మానాన్నలు అడిగేవి ఇంకో రకం. అవన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాశాను. కథ చివరిదాకా చెప్పేశాను కాబట్టి, ఇంకా చూడనివాళ్ళు ముందు సినిమా చూసి వస్తే మంచిది.

అసలు కథ ఏమిటి?

అమెరికాలో కాలిఫోర్నియా. రాత్రిపూట అడవిలో ఒక అంతరిక్ష నౌక దిగి ఉంటుంది. అందులోంచి దిగిన పొట్టి జీవులు మొక్కలు సేకరించుకుంటూ ఉంటాయి. మన మీద దండెత్తడానికి రాలేదు, ఎవరినీ ఎత్తుకుపోవడానికీ రాలేదు. మొక్కల కోసం వచ్చాయి, అంతే. ఇంతలో ప్రభుత్వం మనుషులు బండ్లేసుకుని టార్చిలైట్లతో వచ్చిపడతారు. ఆ కంగారులో నౌక పైకి లేచిపోతుంది. ఒక్క జీవి మాత్రం కింద మిగిలిపోతుంది.

కొండ కింద ఊళ్ళో పదేళ్ళ ఎలియట్ ఉంటాడు. వాళ్ళ నాన్న ఇల్లు వదిలి ఇంకొకావిడతో మెక్సికో వెళ్ళిపోయాడు. అమ్మ మేరీ ఉద్యోగం చేసుకుంటూ ముగ్గురు పిల్లలతో సంసారం నెట్టుకొస్తుంటుంది. ఎలియట్ నడిపివాడు. అన్న మైకేల్, అతని స్నేహితులు వీణ్ణి ఆటలోకి రానివ్వరు. చెల్లి గర్టీ మరీ చిన్నది. ఓ రాత్రి పెరటి షెడ్డులో అలికిడైతే ఎలియట్ చేతిలో ఉన్న బంతి లోపలికి విసురుతాడు. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత ఆ బంతి చీకట్లోంచి దొర్లుకుంటూ వెనక్కి వస్తుంది.

నా లెక్కలో సినిమా మొదలయ్యేది అక్కడే. అప్పటిదాకా ఆ పిల్లాడు విసిరిన బంతిని తిరిగి విసిరేవాళ్ళే లేరు.

ఆ తర్వాత అంతా పిల్లలదే. బట్టల అలమరలో దాచడం, అమ్మకు తెలియకుండా మేపడం, ఇంటికి కబురు పంపే యంత్రం కట్టడం, జబ్బు చేస్తే అల్లాడిపోవడం, చివరికి సైకిళ్ళ మీద నౌక దగ్గరికి చేర్చడం.

ఈ.టి. అంటే అర్థం ఏమిటి? "అతను" అనాలా, "అది" అనాలా?

"ఎక్స్‌ట్రా టెరెస్ట్రియల్" అనే మాటకు పొడి అక్షరాలు. భూమి అవతలి ప్రాణి అని అర్థం. ఎలియట్ పేరును ఇంగ్లీషులో రాస్తే మొదటి అక్షరం ఈ, చివరి అక్షరం టి. ఇది చాలామంది గమనించరు.

రెండో ప్రశ్న మన భాషలోనే ఎక్కువ తంటా పెడుతుంది. ఆడా మగా అని గర్టీ అడిగితే, మగే అని ఎలియట్ తేల్చేస్తాడు. ఆ తర్వాత గర్టీ ఆడపిల్ల గౌను, టోపీ తొడిగి ముస్తాబు చేసేస్తుంది. డైరెక్టర్ స్పీల్‌బర్గ్ మాత్రం ఈ.టి. ఆడా కాదు మగా కాదు, ఒకరకంగా మొక్కలాంటి ప్రాణి అని చెప్పారు.

మా ఇంట్లో ఒకటి గమనించాను. మొదటి పావుగంట పిల్లలు "అది వస్తోంది, అది చూస్తోంది" అంటారు. జొన్నచేలో ఎలియట్, ఈ.టి. ఎదురుపడి ఇద్దరూ కెవ్వుమని అరిచేటప్పుడు కూడా "అదే". (నిజానికి అది మొక్కజొన్న చేను. మా పిల్లలు ఏ చేనైనా జొన్నచేను అనే అంటారు.) ఎప్పుడో మధ్యలో, ఎవరూ చెప్పకుండానే, "వాడు పాపం", "వాణ్ణి పట్టుకుపోతారా" అని మారిపోతారు. ఏ సీన్ దగ్గర మారిందో ఎంత చూసినా పట్టుకోలేకపోయాను. అందుకే ఇక్కడ నేనూ "వాడు" అనే రాస్తున్నాను. చనువుతో అన్న మాటే.

ఎవరు తీశారు? ఎప్పుడు వచ్చింది?

స్టీవెన్ స్పీల్‌బర్గ్ డైరెక్షన్. రచన మెలిస్సా మాథిసన్. సంగీతం జాన్ విలియమ్స్, కెమెరా ఆలెన్ డేవియో, ఎడిటింగ్ కెరోల్ లిటిల్‌టన్. నిర్మాతలు స్పీల్‌బర్గ్, క్యాథ్లీన్ కెన్నెడీ. యూనివర్సల్ సంస్థ విడుదల చేసింది. 1982 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో ముగింపు చిత్రంగా వేశారు, జూన్ 11న అమెరికా థియేటర్లలోకి వచ్చింది. సుమారు కోటీ 5 లక్షల డాలర్లతో తీసిన ఈ సినిమా మొదటి విడుదలలోనే ప్రపంచవ్యాప్తంగా 60 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. "స్టార్ వార్స్" రికార్డును దాటి, 1993లో స్పీల్‌బర్గ్ సొంత సినిమా "జురాసిక్ పార్క్" వచ్చేదాకా అగ్రస్థానంలో ఉంది.

ఈ కథ ఆయనకు ఎక్కడి నుంచి తట్టింది?

ఇంట్లోంచి. స్పీల్‌బర్గ్ తల్లిదండ్రులు ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు విడిపోయారు. ఆ రోజుల్లో మనసులోనే ఒక గ్రహాంతర స్నేహితుణ్ణి కల్పించుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. మొదట ఆయన దగ్గర ఉన్న ప్రాజెక్టు వేరు. గ్రహాంతరవాసులు ఒక పల్లెటూరి కుటుంబాన్ని హడలెత్తించే భయానక కథ అది. అందులో ఒక చిన్న పాయ ఉండేది: వాటిలో మంచిదొకటి ఒక పిల్లాడితో స్నేహం చేసి, చివరికి భూమ్మీద ఒంటరిగా మిగిలిపోతుంది. ట్యునీషియాలో మరో సినిమా షూటింగులో ఉండగా స్పీల్‌బర్గ్ ఆ పాయను మాథిసన్‌కు వినిపించారు. ఆవిడ సుమారు రెండు నెలల్లో స్క్రిప్టు రాసిచ్చారు. భయానక కథ పక్కకు పోయింది, ఒంటరి జీవి మిగిలింది.

మాథిసన్ గురించి ఎవరూ అడగరు కానీ చెప్పాలి. నాన్న లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆవిడ ఒక్క సీన్‌లో పెట్టారు. గ్యారేజీలో అన్నదమ్ములిద్దరూ యంత్రానికి పనికొచ్చే సామాను వెతుకుతుంటే నాన్న పాత చొక్కా దొరుకుతుంది. ఇద్దరూ దాన్ని వాసన చూస్తారు. అది ఏ కంపెనీ సెంటు వాసనో ఒకడు ఒకటంటాడు, ఇంకొకడు ఇంకొకటంటాడు. అంతే. ఏడుపు లేదు, "నాన్న గుర్తొస్తున్నాడు" అనే డైలాగు లేదు. గడప దాటి వెళ్ళిన మనిషి వాసన కూడా ఇంట్లోంచి మెల్లగా పోతోందని మనకే తెలుస్తుంది. ఈవిడ 2015లో కన్నుమూశారు.

ఇది సత్యజిత్ రాయ్ కథను కాపీ కొట్టి తీశారంటారు. నిజమేనా?

పెద్దవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. తెలిసిన సంగతులు ముందు చెబుతాను.

రాయ్ 1962లో "సందేశ్" అనే బెంగాలీ పిల్లల పత్రికలో "బంకుబాబు స్నేహితుడు" అని అర్థం వచ్చే పేరుతో ఒక కథ రాశారు. ఒక పల్లెటూరి బడిపంతులుకు గ్రహాంతరవాసి ఎదురవుతుంది. 1967లో ఆ ఆలోచనను పెంచి "ది ఏలియన్" అనే స్క్రిప్టు ఇంగ్లీషులో రాశారు. అందులో బెంగాల్ పల్లెలో ఒక తామరకొలనులో నౌక దిగుతుంది. దాన్ని నీళ్ళలోంచి బయటపడ్డ గుడి అనుకుని ఊరివాళ్ళు దండం పెట్టుకుంటారు. లోపలి జీవి పొట్టిగా, పెద్ద తలతో, సన్నటి కాళ్ళూ చేతులతో ఉంటుంది. హాబా అనే పేద కుర్రాడితో నేస్తం కడుతుంది. ఎవరికీ హాని చెయ్యదు. దాని ప్రభావంతో చెట్లు కాపు కాస్తాయి. హాలీవుడ్‌లో కొలంబియా సంస్థ దీన్ని తీయడానికి ముందుకొచ్చింది. మార్వాడీ వ్యాపారి పాత్రకు పీటర్ సెల్లర్స్‌ను అనుకున్నారు. హక్కుల దగ్గర మధ్యవర్తితో చిక్కులొచ్చి అంతా ఆగిపోయింది.

"ఈ.టి." వచ్చాక, తన స్క్రిప్టు సైక్లోస్టైల్ ప్రతులు అమెరికా అంతటా తిరిగాయనీ, అవి లేకపోతే ఆ సినిమా సాధ్యమయ్యేది కాదనీ రాయ్ అన్నారు. స్పీల్‌బర్గ్ ఆ మాట ఒప్పుకోలేదు. ఈ పోలికల గురించి స్పీల్‌బర్గ్‌కు రాయమని రచయిత ఆర్థర్ సి. క్లార్క్ సలహా ఇచ్చినా, రాయ్ కోర్టుకు వెళ్ళలేదు, విషయాన్ని పెద్దది చేయలేదు.

ఇక నా అభిప్రాయం. గ్రహాంతరవాసి అంటే శత్రువే అని అందరూ తీస్తున్న కాలంలో, స్నేహితుడిగా వస్తే ఎలా ఉంటుందని రాయ్ ముందుగా ఊహించారు. ఆ గౌరవం ఆయనకు దక్కాలి, ఇప్పటికీ సరిగ్గా దక్కలేదు. అయితే కథకు గుండెకాయ లాంటివి, అంటే విడిపోయిన ఇల్లు, నాన్న చొక్కా, అలమరలో దాక్కోవడం, ఇవి రాయ్ స్క్రిప్టులోవి కావు. ఆయన కథలో ఊరు ముఖ్యం, ఇందులో ఇల్లు ముఖ్యం. మన కొలనులో దిగిన ఆ నౌకను తెర మీద చూసే భాగ్యం మనకు లేకపోయిందే అన్నది నాకు అసలైన బాధ.

ఆ బొమ్మ లోపల మనిషి ఉన్నాడా?

కొన్ని సీన్లలో ఉన్నారు, కొన్నింటిలో లేరు. కార్లో రంబాల్డీ అనే ఇటలీ కళాకారుడు దాన్ని తయారుచేశారు. అప్పట్లోనే సుమారు 15 లక్షల డాలర్లయింది. ముఖం మీది కండరాలు కదలడానికి కేబుళ్ళు, మోటార్లు పెట్టారు. ముఖానికి నమూనాగా ఐన్‌స్టీన్, కవి కార్ల్ శాండ్‌బర్గ్, రచయిత హెమింగ్వే ఫొటోలు చూశారు. అందుకే ఆ మొహంలో ముసలితనమూ పసితనమూ ఒక్కసారే కనిపిస్తాయి. కళ్ళ కోసం లాస్ ఏంజెలెస్‌లోని ఒక కంటి వైద్య సంస్థలో పనిచేసేవాళ్ళ సాయం తీసుకున్నారు.

నడిచే సీన్లలో సూటు లోపల ఉన్నది పొట్టి మనుషులైన టమారా డి ట్రో, ప్యాట్ బిలన్. వాళ్ళతో పాటు పుట్టుకతోనే కాళ్ళు లేని మాథ్యూ డెమెరిట్ అనే 12 ఏళ్ళ కుర్రాడు కూడా. వంటింట్లో ఈ.టి. బీరు తాగి తూలిపడే సీన్ ఆ కుర్రాడు చేతుల మీద నడుస్తూ చేసిందే. వేళ్ళు సుతారంగా కదలాల్సిన చోట కేప్రిస్ రోత్ అనే మూకాభినయ కళాకారిణి చేతులు వాడారు.

ఇన్ని చేతులు కలిసి చేసిన ప్రాణి అది. మా అమ్మాయికి ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, "అయితే వాడిలో చాలామంది ఉన్నారన్నమాట" అంది.

ఇంకో చిన్న మాట. గదిలో లైట్లు తీసేసి చూడండి. కెమెరామన్ డేవియో ఈ.టి.ని చాలాసేపు నీడల్లోనే ఉంచారు, వెలుగు వెనకనుంచి వస్తుంది. ట్యూబ్‌లైటు వెలుతురులో చూస్తే ఆ పనితనమంతా పోతుంది.

ఈ.టి. గొంతు ఎవరిది?

ప్యాట్ వెల్ష్ అనే పెద్దావిడది. సిగరెట్లు బాగా కాల్చడం వల్ల ఆవిడ గొంతు గరగరలాడేది. సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ ఆ గొంతు విని పట్టుకున్నారు. దానికి జంతువుల శబ్దాలు, ఇంకొందరి ఊపిరి చప్పుళ్ళు కలిపారు. ఆవిడకు ముట్టింది 380 డాలర్లు. సినిమా సంపాదించినదాని పక్కన ఈ అంకె పెట్టి చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

సినిమాలో పెద్దవాళ్ళ ముఖాలు ఎందుకు కనిపించవు?

నాకు ఈ సినిమాలో బాగా నచ్చిన పని ఇదే. అమ్మ తప్ప మిగిలిన పెద్దవాళ్ళెవరి ముఖమూ చాలాసేపు చూపించరు. స్కూల్లో సైన్సు మాస్టారు చేతులు, నడుము కనిపిస్తాయి, గొంతు వినిపిస్తుంది. ముఖం కనిపించదు. ప్రభుత్వం తరఫున వెతికే మనిషి అయితే నడుముకు వేలాడే తాళాల గుత్తి, అంతే. ఆ గుత్తి గలగలమంటే పిల్లలు సోఫాలో దగ్గరికి జరుగుతారు.

కెమెరాను పిల్లాడి కంటి ఎత్తులో పెట్టారు. ఆ ఎత్తు నుంచి చూస్తే పెద్దవాళ్ళంటే బెల్టులు, జేబులు, తాళాలు. పెళ్ళిళ్ళలో జనం మధ్య తప్పిపోయిన పిల్లాడికి కనిపించేది అదే కదా.

తాళాల మనిషి ముఖం రెండో సగంలో గానీ చూడం. నటుడు పీటర్ కొయోటీ. అప్పుడు ఆయన ఎలియట్ దగ్గర కూర్చుని, పదేళ్ళ వయసు నుంచీ తానూ దీని కోసమే ఎదురుచూస్తున్నానని చెబుతాడు. ఇన్నాళ్ళూ దెయ్యంలా వెంటాడినవాడు కూడా ఒకప్పటి ఎలియటే. ముఖం దాచింది అందుకే అనిపిస్తుంది. విలన్ అని మనం అనుకున్న మనిషిని ఇంత దయగా చూపించిన సినిమాలు తక్కువ.

పిల్లలు నిజంగానే ఏడ్చారా?

చాలావరకు అవును. మామూలుగా సినిమాను ముక్కలు ముక్కలుగా, వీలునుబట్టి తీస్తారు. స్పీల్‌బర్గ్ దీన్ని దాదాపు కథ వరసలోనే తీశారు. 1981 సెప్టెంబరులో మొదలుపెట్టి డిసెంబరుకు ముగించారు. దానివల్ల చివరి సీన్లకు వచ్చేసరికి పిల్లలకు ఈ.టి.తో నిజంగానే నెలల స్నేహం ఉంది.

ఎలియట్‌గా చేసిన హెన్రీ థామస్ ఆడిషన్‌లో, తన స్నేహితుణ్ణి ఎత్తుకుపోతామంటున్న అధికారిని ఎదిరించే సన్నివేశం అప్పటికప్పుడు చెయ్యాల్సి వచ్చింది. చచ్చిపోయిన తన కుక్కను తలచుకుని చేశాడట. కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. అక్కడికక్కడే వేషం ఖాయమైంది. గర్టీగా చేసిన డ్రూ బ్యారీమోర్‌కు అప్పుడు ఆరేళ్ళు. ఆ పాప ఈ.టి. నిజంగా బతికే ఉందని నమ్మి షూటింగ్ లేనప్పుడు కూడా కబుర్లు చెప్పేది, చలేస్తుందని మఫ్లర్ కప్పింది. అది చూసి, పాప వచ్చినప్పుడల్లా బొమ్మ కళ్ళు, తల కదిలించడానికి స్పీల్‌బర్గ్ మనుషుల్ని పెట్టించారు. ఆ నమ్మకాన్ని కాపాడాలనుకున్న మనుషులు తీశారు కాబట్టే సినిమా అలా ఉంది.

వైద్యం సీన్‌లో ఈ.టి. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది నిజం డాక్టర్లు. అందుకే ఆ హడావుడిలో ఎక్కడా నటన కనిపించదు.

ఇంటికి ఫోన్ చేసే ఆ యంత్రం నిజంగా పని చేస్తుందా?

దాని భాగాలు చూడండి: గొడుగు, గుండ్రటి రంపపు బిళ్ళ, ఫోర్కు, రికార్డు ప్లేయరు, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ "స్పీక్ అండ్ స్పెల్" అనే మాట్లాడే పిల్లల ఆటవస్తువు. చెట్టుకు కట్టిన తాడు గాలికి ఊగితే ఫోర్కు రంపపు పళ్ళను ఒక్కొక్కటే తోస్తుంది, బిళ్ళ తిరుగుతుంది, సందేశం మళ్ళీ మళ్ళీ పోతుంది. హెన్రీ ఫీన్‌బర్గ్ అనే ఆయన దీన్ని సినిమా కోసం రూపొందించారు. తిరిగే భాగం నిజంగానే పనిచేసేలా చేశారు.

సందేశం నక్షత్రాల దాకా చేరుతుందా అంటే, అక్కడ లెక్క తేడా వస్తుంది. సూర్యుడి తర్వాత మనకు అన్నింటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.2 కాంతి సంవత్సరాల దూరం. రేడియో తరంగం కాంతి వేగంతోనే పోతుంది కాబట్టి కబురు చేరడానికే నాలుగేళ్ళు పైన పడుతుంది. సినిమాలో నౌక రోజుల్లోనే వచ్చేస్తుంది. మా అన్నయ్య కొడుకు దీనికి మంచి జవాబు చెప్పాడు: "వాళ్ళు అసలు దూరం వెళ్ళలేదు మామా... సారీ, బాబాయ్. వాణ్ణి వదిలేసి ఎలా వెళ్తారు? చుట్టుపక్కలే తిరుగుతుంటారు." నాకిప్పుడు ఇంకో వివరణ అక్కర్లేదు.

ఈ.టి.కి జబ్బు ఎందుకు చేస్తుంది? ఎలా బతికాడు?

సినిమా విడమర్చి చెప్పదు. ఎలియట్‌కూ వాడికీ మనసులు ముడిపడి ఉన్నాయి. ఇంట్లో వాడు బీరు తాగితే స్కూల్లో వీడికి మత్తెక్కుతుంది. కోయడానికి తెచ్చిన కప్పల్ని ఎలియట్ వదిలేసేదీ ఆ ఊపులోనే. జబ్బు కూడా ఇద్దరికీ వస్తుంది. తనవాళ్ళకు దూరమైన కొద్దీ వాడి ప్రాణం తగ్గిపోతుందనీ, నౌక దగ్గరపడ్డాక తిరిగొచ్చిందనీ నేను అనుకుంటాను. వాడిపోయిన పూలకుండీ మళ్ళీ తలెత్తడమే మనకిచ్చిన గుర్తు. పిల్లలతో చూసేటప్పుడు ఆ కుండీని చూస్తూ ఉండమని ముందే చెప్పకండి. వాళ్ళే కనిపెట్టి అరవాలి.

చంద్రుడి ముందు సైకిల్ ఎగిరే షాట్ కంప్యూటర్‌తో చేశారా?

లేదు, 1982 కదా. డెనిస్ మ్యూరెన్ బృందం చిన్న బొమ్మలతో, ఫిల్మ్ మీద ఫిల్మ్ కలిపి చేసింది. ఆ చిత్రమే తర్వాత స్పీల్‌బర్గ్ ఆంబ్లిన్ సంస్థకు గుర్తయింది.

చివరి పావుగంట సంగీతం అంతలా ఎందుకు పట్టేస్తుంది?

మామూలుగా బొమ్మకు తగ్గట్టు సంగీతం కొలిచి వాయిస్తారు. చివరి ఘట్టం రికార్డింగులో జాన్ విలియమ్స్‌కు ఆ కొలతలు కుదరలేదు. అప్పుడు స్పీల్‌బర్గ్ తెర ఆపేయించి, కచేరీలో వాయించినట్టు స్వేచ్ఛగా వాయించమన్నారు. తర్వాత ఆ సంగీతానికి తగ్గట్టు సినిమాను మళ్ళీ ఎడిట్ చేశారు. పాటకు తగ్గట్టు బొమ్మ నడవడం మన తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. కానీ హాలీవుడ్‌లో అది పెద్ద సాహసం.

చాక్లెట్ బిళ్ళల గొడవ ఏమిటి?

ఎలియట్ ఈ.టి.ని ఇంట్లోకి రప్పించడానికి దారి పొడుగునా చల్లే బిళ్ళలు, మన జెమ్స్ లాంటివి. మొదట మార్స్ కంపెనీ వాళ్ళ ఎం అండ్ ఎమ్స్ అడిగితే వాళ్ళు కాదన్నారు. హెర్షీ కంపెనీ తన రీసెస్ పీసెస్ ఇచ్చింది. సినిమా ఆడగానే వాటి అమ్మకాలు దూసుకుపోయాయి.

ఆస్కార్ వచ్చిందా?

తొమ్మిది నామినేషన్లు, నాలుగు అవార్డులు: సంగీతం, శబ్దం, శబ్ద ప్రభావాల ఎడిటింగ్, విజువల్ ఎఫెక్ట్స్. ఉత్తమ చిత్రం మాత్రం ఆటెన్‌బరో తీసిన "గాంధీ"కి వెళ్ళింది. ఆ ఏడాది మనకు రెండు వైపులా చుట్టరికం ఉంది. "గాంధీ"కి దుస్తులు రూపొందించిన భాను అథయ్యా ఆస్కార్ గెలిచిన తొలి భారతీయురాలయ్యారు. అదే సినిమా సంగీతానికి జార్జ్ ఫెంటన్‌తో కలిసి నామినేట్ అయిన పండిట్ రవిశంకర్‌కు మాత్రం "ఈ.టి." సంగీతమే అడ్డుపడింది. "గాంధీ"ని నేను ఎంతో గౌరవిస్తాను. అయినా ఏటా మళ్ళీ పెట్టమని పిల్లలు అడిగేది దీన్నే.

రెండు రకాల ప్రింట్లు ఉన్నాయంటారు. ఏది చూడాలి?

1982 నాటిదే. 20 ఏళ్ళ సందర్భంగా 2002లో విడుదల చేసినప్పుడు కొన్ని చోట్ల ఈ.టి. ముఖాన్ని కంప్యూటర్‌తో మార్చారు. పిల్లల్ని తరిమే అధికారుల చేతుల్లో తుపాకులు తీసేసి వాకీటాకీలు పెట్టారు. అలా మార్చినందుకు స్పీల్‌బర్గ్ తర్వాత బాహాటంగానే విచారం వెలిబుచ్చారు. తుపాకులు ఉంటేనే ఆ సైకిళ్ళు గాల్లోకి లేవడానికి అర్థం ఉంటుంది. వాకీటాకీలకు భయపడి ఎవరు ఎగురుతారు?

వీడియో గేమ్ పాతిపెట్టారట కదా?

అవును. అటారీ కంపెనీ కోసం హోవార్డ్ స్కాట్ వార్షా అయిదు వారాల్లో తయారుచేయాల్సి వచ్చింది. ఆట ఎవరికీ ఎక్కలేదు. మిగిలిపోయిన క్యాసెట్లను న్యూమెక్సికోలో అలమోగార్డో దగ్గర చెత్త గోతుల్లో పూడ్చారు. 2014లో తవ్వి బయటికి తీశారు.

రెండో భాగం ఎందుకు రాలేదు?

1982లోనే ఒక చిన్న కథనం రాసుకున్నారు. దుష్ట గ్రహాంతరవాసులు వచ్చి ఎలియట్‌ను బంధించే కథ. స్పీల్‌బర్గ్ దాన్ని పక్కన పెట్టేశారు. మంచిదయింది. 2019లో ఒక అమెరికన్ కంపెనీ వాణిజ్య ప్రకటనలో, పెద్దవాడై పెళ్ళాం పిల్లలతో ఉన్న ఎలియట్ ఇంటికి ఈ.టి. పండక్కి వచ్చినట్టు చూపించారు. హెన్రీ థామసే నటించారు. దాంతో సరిపెట్టుకోవచ్చు.

ఎన్నేళ్ళ పిల్లలకు చూపించొచ్చు? భయపడతారా?

విడుదలైనప్పుడు స్వీడన్‌లో 11 ఏళ్ళలోపు పిల్లలకు చూపించకూడదన్నారు. అక్కడి పిల్లలే ఊరేగింపు చేశారు. నా అనుభవంలో ఏడేళ్ళు నిండితే చూడగలరు, పక్కన పెద్దవాళ్ళు కూర్చుంటే. రెండు చోట్ల జాగ్రత్త. కాలువ పక్కన ఈ.టి. తెల్లగా పాలిపోయి పడి ఉండే చోటు ఒకటి, అంతరిక్ష సూట్లు వేసుకున్న మనుషులు కిటికీల్లోంచి, తలుపుల్లోంచి ఇంట్లోకి దూరే చోటు రెండోది. ఈ రెండో దానికి మా అన్నయ్య చిన్న కూతురు దిండు వెనక దాక్కుంది. అమ్మానాన్నలు విడిపోయిన ఇంటి పిల్లలైతే నాన్న ప్రస్తావన వచ్చేచోట ఊరుకుండిపోతారు. అప్పుడు సినిమా ఆపి ప్రశ్నలు వెయ్యకండి. చెయ్యి పట్టుకుంటే చాలు.

మన సినిమాల్లో ఇలాంటి కథ లేదా?

హిందీలో ఉన్నాయి. 2003లో "కోయీ మిల్ గయా", 2014లో "పీకే". తెలుగులో గ్రహాంతరవాసి కాకపోయినా, పైలోకం నుంచి దిగి ఇక్కడ చిక్కుకుపోయిన మనిషి కథ మనకు బాగా తెలుసు. 1990లో వచ్చిన "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని భూమ్మీద ఉండిపోతుంది. ఉంగరం లేనిదే ఇంద్రలోకానికి తిరిగి వెళ్ళలేదు. ఈ.టి.కి ఫోన్ ఎలాగో ఆమెకు ఉంగరం అలాగ. తేడా ముగింపులో ఉంది. మన కథలో ఆమె ప్రేమ కోసం ఇక్కడే ఉండిపోతుంది. ఈ.టి. వెళ్ళిపోతాడు.

మరి ఎలియట్ వాడితో ఎందుకు వెళ్ళలేదు?

ఏటా పిల్లలు అడిగే ఆఖరి ప్రశ్న. నౌక తలుపు తెరుచుకుని ఉంటుంది. రమ్మని ఈ.టి. పిలుస్తాడు. ఉండిపొమ్మని ఎలియట్ అడుగుతాడు. ఇద్దరూ ఒక్కొక్క మాటే మాట్లాడతారు, ఇద్దరికీ తెలుసు కుదరదని. ఎలియట్ వెనక అమ్మ ఉంది, అన్న ఉన్నాడు, పూలకుండీ చేతికిచ్చిన చెల్లి ఉంది. ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోతే మిగిలినవాళ్ళకు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికంటే వాడికే బాగా తెలుసు. వాడు ఇంకొకరికి ఆ పని చెయ్యలేడు.

నాన్న చెప్పకుండా వెళ్ళాడు. ఈ.టి. చెప్పి వెళ్తాడు. వెలిగే వేలిని ఎలియట్ నుదుటి దగ్గర పెట్టి, ఇక్కడే ఉంటానంటాడు. మన ఇళ్ళల్లో గుమ్మం దాటేటప్పుడు "వెళ్తున్నాను" అంటే అమ్మమ్మలు ఒప్పుకునేవారు కాదు, "వెళ్ళొస్తాను" అనమనేవారు. పోయిన వేసవిలో ఆ సీన్ నడుస్తుంటే మా అమ్మాయి పక్కనున్న పిల్లకు తెలుగులో చెప్పింది: "వెళ్ళొస్తా అంటున్నాడు." ఆ పిల్ల తల ఊపింది. తెర మీద పూలకుండీ పట్టుకుని ఈ.టి. నౌక ఎక్కుతున్నాడు. తలుపు మూసుకుపోయింది, ఆకాశంలో ఇంద్రధనుస్సు గీత పడింది, ఎలియట్ ముఖం ఒక్కటే మిగిలింది. పేర్లు పడుతుండగా ఎవరూ లేచి లైటు వెయ్యలేదు.